సొంతంగా స్వీడిష్, 5వ పాఠం: ‘ఇంతె’ని ఎక్కడ పెట్టాలి?

పోయిన పాఠంలో మామూలు వాక్యంలో క్రియ ఎప్పుడూ రెండో స్థానంలో ఉంటుందని చెప్పుకున్నాం. ‘ఇదాగ్ కొమ్మెర్ హన్’, ఇవాళ అతను వస్తున్నాడు. ఇది తడుముకోకుండా వచ్చేదాకా ఈ పాఠం చివరి భాగం జోలికి పోకండి.

‘ఇంతె’ అంటే కాదు, లేదు. తెలుగులో ‘రాడు’, ‘తినను’ అన్నామంటే కాదనడం క్రియలోనే కలిసిపోతుంది. విడిగా ఇంకో మాటని ఎక్కడ ఇరికించాలా అన్న టెన్షన్ లేదు. అందుకే కొత్తలో ‘హన్ ఇంతె కొమ్మెర్’ అనేస్తాం. తప్పే, కానీ ఇది మన ఒక్కళ్ల తప్పు కాదు. 1977లో కెన్నెత్ హిల్తెన్‌స్తామ్ అనే భాషావేత్త స్వీడిష్ నేర్చుకుంటున్న 160 మంది పెద్దవాళ్లని పరిశీలించాడు. వాళ్ల మాతృభాషలు 35. అయినా ‘ఇంతె’ అందరి నోటా ఇంచుమించు ఒకే దారిలో నడిచింది: ముందు ప్రతి క్రియకీ ముందు, తర్వాత సహాయక క్రియల (‘గలను’ లాంటివి) వెనక, ఆ తర్వాతే అసలు క్రియల వెనక.

మనమూ అదే దారి పడదాం. సహాయక క్రియ ‘కన్’తో మొదలుపెట్టండి.

యాగ్ కన్ ఇంతె కొమ్మా. (నేను రాలేను.)

కొన్నాళ్లు ఇలాంటివే పైకి అనండి. నోరు తిరిగాక ‘కన్’ తీసేయండి:

యాగ్ కొమ్మెర్ ఇంతె. (నేను రాను.)

చూశారా, ‘ఇంతె’ ఉన్నచోటే ఉంది. ‘కన్’ ఖాళీ చేసిన సీట్లోకి ‘కొమ్మెర్’ వచ్చింది. విడిగా ఇంకో సూత్రం బట్టీ పట్టక్కర్లేదు.

ఇక చివరి మెట్టు, ఉపవాక్యం, అంటే ఇంకో వాక్యంలో ఇమిడిపోయిన వాక్యం.

యాగ్ వేత్ అత్ హన్ ఇంతె కొమ్మెర్. (అతను రాడని నాకు తెలుసు.)

ఇందాక తప్పన్న వరసే ‘అత్’ (అని) తర్వాత ఒప్పయింది! స్వీడన్ తరగతుల్లో దీన్ని ‘బిఫ్’ సూత్రం అంటారు: ఉపవాక్యంలో ‘ఇంతె’ క్రియకి ముందు. మీరు ఇక్కడ కూడా ‘హన్ కొమ్మెర్ ఇంతె’ అనేస్తుంటే కంగారు పడకండి, కిందటి మెట్టు గట్టిపడిందన్నమాట. నిజానికి ‘అత్’ తర్వాత స్వీడన్‌వాళ్లు కూడా మాటల్లో అప్పుడప్పుడు అలా అంటారు. ‘ఒమ్’ (అయితే) తర్వాత మాత్రం అనరు.

అభ్యాసం. వీటికి ‘ఇంతె’ చేర్చండి, జవాబులు వచ్చే పాఠంలో:

యాగ్ విల్ ఏతా. (నాకు తినాలని ఉంది.)
ఇదాగ్ కొమ్మెర్ హన్.
ఒమ్ హన్ కొమ్మెర్... (అతను వస్తే...)