ఎపాక్సీ రెసిన్ చేతిపని – 4వ పాఠం: గట్టిపడే కాలం

రెసిన్‌ను, దానిని గట్టిపరచే హార్డెనర్‌ను కొలిచి కలపడం గత పాఠంలో నేర్చుకున్నాం. మోల్డులో పోసిన తరువాత ఎంతసేపు ఆగాలన్నది ఈ పాఠం. సీసా మీద 24 గంటలని ఉంటే చాలామంది ఆ ఒక్క అంకెనే పట్టుకుంటారు గాని, లెక్కలోకి తీసుకోవలసిన కాలాలు మూడు. కలిపిన మిశ్రమం పోయడానికి వీలుగా ఉండే కాలం మొదటిది; పూతకు వాడే రకాలలో ఇది సాధారణంగా 20 నుంచి 45 నిమిషాలు. మోల్డు నుంచి వస్తువును తీయగలిగే కాలం రెండవది. చాలా రకాలకు ఇది సుమారు ఒక రోజు. పూర్తి బలం వచ్చే కాలం మూడవది. ఇందుకు 72 గంటల నుంచి 7 రోజుల వరకు పడుతుంది. ఒక రోజుకే చేతికి అంటుకోకుండా ఉన్న కోస్టర్ మీద వేడి టీ కప్పు పెడితే అచ్చు పడేది ఈ మూడవ కాలం గడవకపోవడం వల్లనే.

ఈ అంకెలను తయారీదారులు సాధారణంగా 25 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూగా ఉన్న గదిని దృష్టిలో ఉంచుకొని ఇస్తారు. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే మిశ్రమం గట్టిపడే రసాయన చర్య వేగం దాదాపు రెట్టింపవుతుంది కనుక, 40 నిమిషాలు పనిచేయవలసిన మిశ్రమం మే నెలలో విజయవాడలోని 35 డిగ్రీల గదిలో 20 నిమిషాలకే చిక్కబడవచ్చు. పుష్యమాసపు చలిలో ఆదిలాబాద్‌లో మరునాటికి కూడా మెత్తగానే ఉండవచ్చు.

మందం కూడా అంతే ముఖ్యం. గట్టిపడేటప్పుడు రెసిన్ తనలో తానే వేడిని పుట్టిస్తుంది. గిన్నెలో కుప్పగా ఉంటే ఆ వేడి బయటికి పోలేక చర్యను ఇంకా తొందరపెడుతుంది. పలుచగా పరచినప్పుడు వేడి ఆరిపోయి చర్య నెమ్మదిస్తుంది. అందుకే కలిపిన వెంటనే పోయాలి. పెళ్లి దండల పూలను భద్రపరిచే లోతైన మోల్డులకు పూత రకాన్ని ఒకేసారి పోస్తే పసుపు రంగు రావడం, పగలడం జరుగుతాయి; వాటికి నెమ్మదిగా గట్టిపడే, లోతు పోతకు తయారుచేసిన రకాన్నే వాడాలి.

త్వరగా గట్టిపడాలని హార్డెనర్ ఎక్కువ వేయడం మాత్రం ఎన్నడూ చేయవద్దు. ఫైబర్ గ్లాస్ పనిలోని పాలియెస్టర్ రెసిన్‌లో చర్యను ప్రేరేపించే క్యాటలిస్టును కొంత పెంచి వేగం పెంచుకోవచ్చు. ఆ అలవాటు ఇక్కడ పనికిరాదు. ఎపాక్సీలో హార్డెనర్ కూడా తుది పదార్థంలో భాగమే. జతకు రెసిన్ దొరకని హార్డెనర్ లోపలే మిగిలిపోయి వస్తువు ఎన్నాళ్లైనా జిగటగా ఉంటుంది. వేగం కావాలంటే గదిని వెచ్చబరచండి.

రెండవ పొర వేయాలంటే మొదటిది వేలికి అంటీ అంటనట్లున్నప్పుడు, అంటే చాలా రకాలలో 4 నుంచి 6 గంటలకు, పోయండి. రెండు పొరలూ రసాయనికంగా కలుస్తాయి. ఆ అదను దాటితే పూర్తిగా గట్టిపడనిచ్చి, 220 నంబరు గరుకు కాగితంతో రుద్ది, తుడిచి పోయాలి. విశాఖ వంటి తేమ ఊళ్లలో పైన మైనం లాంటి పొర కనిపిస్తే, రుద్దడానికి ముందే సబ్బు నీటితో కడిగి ఆరబెట్టండి.

అభ్యాసం: ఒకే మిశ్రమంలో కొంత చిన్న కప్పులో ఉంచి, కొంత ప్లాస్టిక్ షీటు మీద పలుచగా పరచండి. ఆ రోజు గది ఉష్ణోగ్రతను, రెండూ చిక్కబడిన సమయాలను నోటు పుస్తకంలో రాసుకోండి. అంచులను నునుపు చేయడం నేర్పే 5వ పాఠానికి, పూర్తిగా గట్టిపడిన ఒక వస్తువును సిద్ధంగా ఉంచుకోండి.