1520 నాటి హంపీకి పిల్లలను తీసుకెళ్లే కాలయాత్ర కథ రాయడం ఎలా?

పిల్లల కోసం చారిత్రక కాలయాత్ర కథ రాయదలచినవారు ప్రయాణ యంత్రం గురించి ఆలోచించడానికి ముందే కాలాన్ని, స్థలాన్ని ఖరారు చేసుకోవాలి. ‘విజయనగర కాలం’ అనుకుంటే సరిపోదు. ఆ రాజ్యం రెండు శతాబ్దాలకు పైగా సాగింది కనుక అందులో ఒక్క సంవత్సరాన్ని, వీలైతే ఒక్క పండుగను ఎంచుకోవాలి. ఉదాహరణకు, కృష్ణదేవరాయలు పాలిస్తున్న 1520 ప్రాంతంలో హంపీలో జరిగిన మహానవమి ఉత్సవాలను తీసుకుందాం.

తరువాత ఆ వేడుకను కళ్లారా చూసినవారి రాతలను చదవాలి. పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ వృత్తాంతానికి ఆంగ్లానువాదం రాబర్ట్ సూయెల్ 1900లో వెలువరించిన గ్రంథంలో ఉంది. రాయలు తెల్లవారకముందే నువ్వుల నూనె తాగి, ఒంటికి కూడా పట్టించుకుని, కత్తిసాము చేసి, మల్లుడితో కుస్తీ పట్టి, ఆపైన గుర్రపు స్వారీ చేసేవాడని పేస్ రాశాడు. ఇటువంటి వివరం ఒక్కటి దొరికితే రాజవంశ పట్టిక మొత్తాన్ని నిస్సంకోచంగా పక్కన పెట్టవచ్చు. అయితే ఏ సాక్షి ఏ కాలం వాడో గమనించుకోవాలి. ఈ నగరవాసులు గులాబీలు లేనిదే బతకలేరని రాసిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్ వచ్చింది 1443లో, రెండవ దేవరాయల కాలంలో. ఆయన నుంచి పూల అంగడిని అరువు తెచ్చుకోవచ్చు గాని రాజును తెచ్చుకోకూడదు.

ఉన్నవాటితో పాటు లేనివాటి జాబితా కూడా రాసుకోవాలి. టమాటా, బంగాళాదుంప అప్పటికి మన వంటింటికి రాలేదు. అమెరికా ఖండాల నుంచి వచ్చిన మిరపకాయ కూడా ఇంకా స్థిరపడలేదు కాబట్టి కారమంటే మిరియాలే. అనంతపురం నుంచి విహారయాత్రకు వెళ్లి కాలంలో వెనక్కి జారిన పన్నెండేళ్ల అమ్మాయి ఆవకాయ అడిగితే ఎదుటివారు తెల్లబోతారు. చరిత్ర పాఠాన్ని ఇలా ఆకలి ద్వారా చెప్పడం సంభాషణల్లో తేదీలు గుప్పించడం కంటే మేలు. నేడు ఎండి కనిపించే మెట్ల పుష్కరిణికి అప్పుడు రాతి కాలువల ద్వారా నీరు చేరేది. ఆ తేడా ఆమె కంటబడాలి.

ఇక ప్రయాణ నియమం. పండుగ తొమ్మిదో రోజు ముగిసేలోగా తిరిగి వెళ్లకపోతే దారి మూసుకుపోతుందని రెండో అధ్యాయంలోపే చెప్పి, చివరిదాకా దానికి కట్టుబడాలి.

పాత్రల విషయంలో చాలామంది ఆ అమ్మాయిని నేరుగా రాజు ఎదుట నిలబెడతారు. అంతకంటే గుర్రపుశాలలో పనిచేసే కుర్రవాడితో స్నేహం కలపడం మంచిది. అరేబియా, పర్షియాల నుంచి సముద్రం మీద పశ్చిమ తీరానికి వచ్చే గుర్రాలకు విజయనగరంలో ఎంత విలువో అతని భయంలోనే తెలుస్తుంది. అటువంటి గుర్రం ఒకటి జబ్బుపడితే సాహసానికి కారణం దొరికినట్టే.

అన్నింటికంటే కష్టమైనది 1565. ఆ ఏడాది జరిగిన తళ్లికోట యుద్ధంలో ఓడిపోయాక ఈ నగరం దోపిడీకి గురై శిథిలమవుతుందని ఆమెకు తెలుసు, ఆ కుర్రవాడికి తెలియదు. చరిత్రను మార్చే శక్తి ఆమెకు ఇవ్వకూడదు. చెప్పాలా వద్దా అనే సంశయాన్ని మాత్రం ఒక అధ్యాయమంతా నడపవచ్చు.

రాత పూర్తయ్యాక పుస్తకం చివర ఒక పుట కేటాయించి, కథలో ఏది చరిత్రో ఏది కల్పనో పిల్లలకు అర్థమయ్యే మాటల్లో విడదీసి చెప్పాలి.