మద్రాసులో మ్యూజియాలు ఎలా చూడాలి: మన నెల్లూరు, ఒంగోలు వాళ్ళకి

ముందే చెప్తున్నా, శుక్రవారం పోకండి. ఎగ్మోర్‌లో ఉన్న గవర్నమెంట్ మ్యూజియంకీ, సెయింట్ జార్జ్ కోటలో ఉన్న ఫోర్ట్ మ్యూజియంకీ రెండిటికీ ఆ రోజే సెలవు. ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద ముట్టుకాడు దగ్గరున్న దక్షిణచిత్ర అనే పాత ఇళ్ళ మ్యూజియంకేమో మంగళవారం.

మనవాళ్ళు మద్రాసు పోయేది ఆస్పత్రి పనికో, పెళ్ళి బట్టలకి టీ నగర్‌కో. ల్యాబ్ రిపోర్టు సాయంత్రం ఇస్తామంటే, పేషెంట్ దగ్గర ఒకరుంటే సరిపోయేదానికి నలుగురూ వెయిటింగ్ హాల్లో ఫోన్లు నొక్కుకుంటూ కూర్చుంటారు. ఆ మూడు నాలుగు గంటల్లో ఎగ్మోర్ మ్యూజియంలో చూడాల్సినవి హాయిగా చూసి రావచ్చు.

సెంట్రల్‌లో దిగితే మెట్రోలో ఎగ్మోర్ పక్క స్టేషనే, అక్కడి నుంచి పాంథియన్ రోడ్డుకి నడిచినా పోవచ్చు, పెద్దవాళ్ళుంటే ఆటో. బస్సులో పోయేవాళ్ళు మాధవరంలో దిగి సిటీ బస్సు పట్టుకోవాలి. పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో పోతే సెంట్రల్ చేరేసరికే మధ్యాహ్నం అవుతుంది, మ్యూజియం ఐదింటికి మూసేస్తారు, కాబట్టి ఇదే పనిగా పోయేవాళ్ళు తెల్లవారుజామున చేరే రైలు చూసుకోండి. ఉదయం తొమ్మిదిన్నరకి తెరుస్తారు. కెమెరా ఉంటే దాని టికెట్ సంగతి కౌంటర్లోనే అడిగేయండి, లోపలికెళ్ళాక గార్డుతో వాదన ఎందుకు.

ఇది 1851లో మొదలైన మ్యూజియం. ఒక్క బిల్డింగ్ కాదు, ఒకే ఆవరణలో చాలా ఉన్నాయి. అన్నీ చూద్దామనుకుంటే కాళ్ళు పీకడం తప్ప ఏమీ గుర్తుండదు. పిల్లలు తిమింగలం అస్థిపంజరం దగ్గరికి లాగుతారు. అది చివర్లో చూపిస్తామని చెప్పి, ఓపిక ఉండగానే అమరావతి శిల్పాల దగ్గరికి పోండి.

ఆ రాళ్ళు మన గుంటూరు వైపువే. వాల్టర్ ఇలియట్ అనే ఇంగ్లీషు అధికారి 1845లో అమరావతి బౌద్ధ స్తూపం దగ్గర తవ్వించి మద్రాసుకి పంపించాడు, అందులో చాలా భాగం 1859లో ఓడెక్కి లండన్ పోయింది. ఇక్కడున్నవాటిలో గుండ్రటి ఫలకం ఒకటి తప్పకుండా వెతకండి, నాలాగిరి అనే మదపుటేనుగు కథ అది. ఎడమ పక్క ఏనుగు మనిషిని తొండంతో పట్టి ఈడుస్తూ ఉంటుంది, కుడి పక్క అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకాళ్ళ మీద కూలబడి ఉంటుంది. ఒకే ఏనుగుని రెండుసార్లు చెక్కాడని తెలియకపోతే రెండు ఏనుగులనుకుని ముందుకి నడిచేస్తాం. పైన కిటికీల్లోంచి తొంగి చూసే మొహాలు చూడండి, వీధిలో గొడవైతే మన మేడల మీద నుంచి చూస్తారే, అచ్చం అంతే. ఆ ఒక్క రాయి దగ్గర పది నిమిషాలు నిలబడితే ఏ నష్టం లేదు.

తర్వాత మన జిల్లా సొంత విషయం. శ్రీకృష్ణదేవరాయలు గజపతుల చేతిలో ఉన్న ఉదయగిరి కోటని ముట్టడించి 1514లో గెలిచాడు కదా, అప్పుడు అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపీకి తీసుకుపోయి, కృష్ణాలయం కట్టించి 1515లో ప్రతిష్ఠించాడు. ఆ విగ్రహం ఇప్పుడు ఈ మ్యూజియంలో ఉంది. ఉదయగిరి వాళ్ళని అడిగినా చాలామందికి తెలియదు! ఏ గదిలో ఉందో వెతుక్కుంటూ తిరక్కుండా సిబ్బందినే అడగండి. ఉదయగిరి కొండెక్కినవాళ్ళైతే ఇది చూడకుండా రావద్దు.

కంచు విగ్రహాలకి వేరే బిల్డింగ్ ఉంది. తిరువాలంగాడు నటరాజు, తిరువెణ్కాడు అర్ధనారీశ్వరుడు, ఈ రెండూ చూస్తే చాలు. అర్ధనారీశ్వరుణ్ణి కాస్త పక్కకి జరిగి కూడా చూడండి, ఒక వైపు నడుము ఒంపు, రెండో వైపు భుజం వెడల్పు అప్పుడు బాగా తెలుస్తాయి.

ఇంకా టైముంటే ఫోర్ట్ మ్యూజియం. సెక్రటేరియట్ అదే కోటలో ఉంది కాబట్టి చెకింగ్ ఉంటుంది, ఆధార్ జేబులో పెట్టుకోండి. 1947 ఆగస్టు 15న ఆ కోట మీద ఎగరేసిన జెండాని అక్కడ దాచి ఉంచారు, నా లెక్కలో కోటకి పోయేది దానికోసమే. మిగతా కత్తులూ తుపాకులూ త్వరగా అయిపోతాయి. పక్కనే 1680 నాటి సెయింట్ మేరీస్ చర్చి, రాబర్ట్ క్లైవ్ పెళ్ళి 1753లో జరిగింది అందులోనే.

భోజనం ఎగ్మోర్ చుట్టుపక్కలే కానివ్వండి. అన్నంలోకి ముందు సాంబారే వస్తుంది, ముద్దపప్పూ ఆవకాయా అడిగి లాభం లేదు.

దక్షిణచిత్రని మాత్రం వీటితో కలపకండి. నాలుగు దక్షిణాది రాష్ట్రాల పాత ఇళ్ళని విప్పి తెచ్చి మళ్ళీ నిలబెట్టిన చోటు అది, మన కోస్తా చుట్టిల్లు కూడా ఉంది, పిల్లలకి మ్యూజియం కంటే ఇదే నచ్చుతుంది. కానీ ఊరి బయట, పోను రాను ట్రాఫిక్‌లోనే సగం రోజు పోతుంది. సాయంత్రం రైలు టికెట్ చేతిలో ఉన్న రోజు అటు వైపు పెట్టుకోకండి.