పాత లారీ ఈసీఎం (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) బాగుచేయించిన నా అనుభవం

మా లారీ 2017 మోడల్, బీఎస్-4. ఇంజిన్ వేడెక్కాక దారిలోనే ఆగిపోయేది, చల్లారితే మళ్లీ స్టార్టయ్యేది. స్కానర్ పెడితే ఒకేసారి చాలా సెన్సర్ల ఎర్రర్ కోడ్లు. అన్ని సెన్సర్లూ ఒక్కసారే పోవు కదా! బ్యాటరీ ఎర్త్, వైరింగ్, ఫ్యూజులు ముందే చూపించాం, బాగానే ఉన్నాయి. సెన్సర్లకు ఈసీఎం పంపే 5 వోల్టుల సప్లయి వేడికి పడిపోతోందని మల్టీమీటర్‌తో తేలింది.

షోరూంలో కొత్త ఈసీఎం వేయాలన్నారు, ఎప్పుడొస్తుందో చెప్పలేమన్నారు. చాలా టెన్షన్ పడ్డాం. విజయవాడ ఆటోనగర్‌లో ఈసీఎంలు విప్పి బాగుచేసేవాళ్లున్నారు. అయితే కనబడినవాళ్లందరికీ ఇవ్వకండి. బండికి తగిలించకుండానే టెస్ట్ చేసే ఏర్పాటు ఉందా, రిపేరుకు ముందే లోపలి డేటా కాపీ తీస్తారా, గ్యారంటీ రాసిస్తారా అని అడగండి. ఆ డేటానే ప్రాణం. ఇంజెక్టర్ల (డీజిల్ చిమ్మే భాగాల) కోడ్లు, ఇంజిన్ సెట్టింగులు అందులోనే ఉంటాయి. అందుకే సెకండ్ హ్యాండ్ ఈసీఎం తెచ్చి తగిలిస్తే బండి స్టార్ట్ కాకపోవచ్చు.

మా దాంట్లో సోల్డరింగ్ పగిలింది, ఒక కెపాసిటర్ పోయింది. బాగుచేశాక వేడి గాలి పట్టించి మరీ నా ఎదుటే టెస్ట్ చేసి ఇచ్చారు. ఇప్పుడు లోడుతో ఘాట్ ఎక్కినా ఆగడం లేదు. బాడీకి వెల్డింగ్ చేయించేటప్పుడు మాత్రం బ్యాటరీ వైర్లు, ఈసీఎం కనెక్టర్లు తప్పకుండా తీయించండి.