ఐపీఏ వాసన పోయిందా? ముందు బాటిల్ మీద తేదీ చూడండి

అందరూ తెగ పొగిడారని ఒక ఐపీఏ (ఇండియా పేల్ ఏల్ అనే బీరు) కొనుక్కొచ్చి, గ్లాసులో పోసుకుని, మొదటి గుక్క దిగాక "దీనికేనా ఇంత గోల" అనిపించిందా? బ్రూవరీని తిట్టుకునే ముందు ఆ బాటిల్‌ని ఒకసారి వెనక్కి తిప్పండి. పాల ప్యాకెట్ తేదీ చూడకుండా కొనం, బీరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ సంగతే గుర్తుండదు. బీరుకి చేదూ వాసనా ఇచ్చే హాప్స్ అనే పూలు తక్కువ పడే బీర్లకి అలా ఎంతో కొంత చెల్లుతుంది గానీ, హాప్స్ దండిగా వేసిన పేల్ ఏల్, ఐపీఏ, ముఖ్యంగా మబ్బుపట్టినట్టు ఉండే హేజీ ఐపీఏలకి చెల్లదు. వాటికి మనం డబ్బులు పెట్టేదే వాసన కోసం, అన్నిటికంటే ముందు పోయేదీ ఆ వాసనే.

ఒక్కో లక్షణం పట్టుకుని కారణం దాకా వెళ్దాం. అయితే లక్షణం ఏదైనా మొదటి పని తేదీ చదవడమే, అదీ కనిపించినంత తేలిక కాదు.

తేదీ ఉంది గానీ అర్థం కావట్లేదు

క్యాన్ అయితే అడుగున చూడండి, బాటిల్ అయితే మెడ మీద, మెడ కింద వంపులో, లేబుల్ అంచున. చుక్కలు చుక్కలుగా ఇంకుతో కొట్టి ఉంటుంది, తడి చెయ్యి తగిలితే చెరిగిపోయేవీ ఉంటాయి. ఆ తేదీ రెండు రకాలు. ఒకటి ప్యాక్ చేసిన రోజు, రెండోది బెస్ట్ బిఫోర్. మనకి పనికొచ్చేది మొదటిదే. రెండోది బ్రూవరీ తనకి తాను ఇచ్చుకున్న గడువు, ఒకళ్ళు మూడు నెలలు ఇస్తే ఇంకొకళ్ళు అలాంటి బీరుకే ఏడాది ఇస్తారు. ఏడాది గడువున్న ఐపీఏకి పదకొండో నెల నడుస్తుంటే కాగితం మీద అది మంచి బీరే, ముక్కుని అడిగితే వేరే మాట చెబుతుంది.

ఇంకో చిక్కు, 04/07 అంటే ఏప్రిల్ 7 కావచ్చు, జులై 4 కావచ్చు. అమెరికా బీరైతే నెల ముందు వేస్తారు. కొన్నిటి మీద తేదీ బదులు 25166 లాంటి కోడ్ ఉంటుంది. భయపడక్కర్లేదు, 25 అంటే 2025, 166 అంటే ఆ ఏడాదిలో 166వ రోజు, అంటే జూన్ 15. దీన్ని జూలియన్ తేదీ అంటారు. కొందరు ఏడాదికి ఆఖరి అంకె ఒక్కటే వేసి 5166 అని వదిలేస్తారు. షాపులో నిలబడి లెక్క కట్టాలంటే ఆ మూడంకెల్ని 30తో భాగించండి, ఐదున్నర వస్తే ఐదు నెలలు నిండి ఆరో నెల నడుస్తున్నట్టు, ఆ మాత్రం ఉజ్జాయింపు చాలు.

అసలు తేదీయే లేదా? కొనకండి. నా మటుకు అక్కడితో చర్చ ముగిసినట్టే. తేదీనే పేరుగా పెట్టి అమ్మిన వాళ్ళు కూడా ఉన్నారు మరి. కాలిఫోర్నియాలోని స్టోన్ బ్రూయింగ్ 2012లో 'ఎంజాయ్ బై' అనే ఐపీఏ మొదలుపెట్టింది. ఎప్పటిలోగా తాగాలో ఆ తేదీ లేబుల్ మీద పెద్ద అంకెల్లో ఉండేది, ప్యాక్ చేశాక ఐదు వారాలు, కాస్త అటూ ఇటూ.

వాసన లేదు, తియ్యగా బరువుగా తగులుతోంది

ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. వయసు, వేడి, ఆక్సిజన్ మూడూ కలిసి చేసే పని. హాప్స్ వాసనంతా నూనెల్లో ఉంటుంది, అందులో మిర్సీన్ లాంటివి నిలకడ లేనివి. కొంత భాగాన్ని బాటిల్ మూత లోపలి పొరే పీల్చేసుకుంటుంది, ఇంకొంత ఆక్సిజన్‌తో కలిసి వేరే పదార్థాలుగా మారిపోతుంది. చేదునిచ్చే ఐసో ఆల్ఫా ఆమ్లాలు కూడా నెమ్మదిగా విరిగిపోతాయి. మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) తీపి మొదటి నుంచీ ఉన్నదే, ఇన్నాళ్ళూ దాన్ని కప్పి ఉంచిన వాసన, చేదు పక్కకి తప్పుకోవడంతో అది పైకి తేలింది. దానికి తోడు బీరు పాతబడే కొద్దీ తేనె, పాకం, ఎండుద్రాక్ష లాంటి వాసనలు కొత్తగా పుడతాయి కూడా. మిగిలిన చేదు మొరటుగా నాలుక వెనక అంటుకుపోతుంది.

తడిసిన అట్టపెట్టె వాసన వస్తే అదీ ఈ కుటుంబమే. ట్రాన్స్-2-నోనెనాల్ అనే పదార్థం దానికి పేరు మోసింది. కాకపోతే అది లేత రంగు లాగర్ బీర్లలో తేలిగ్గా బయటపడుతుంది, ఐపీఏలో మీకు ముందు తగిలేది ఆ పాకం వాసనే.

బ్రూవరీల వాళ్ళు 3-30-300 అని ఒక లెక్క చెబుతుంటారు. సుమారు 32 డిగ్రీల వేడిలో 3 రోజులు, 22 డిగ్రీల్లో 30 రోజులు, 3 డిగ్రీల్లో 300 రోజులు, ఈ మూడూ బీరుని ఇంచుమించు ఒకే మేర ముసలిదాన్ని చేస్తాయని. గుండుగుత్త లెక్కే, నిజమే, ప్రతి బీరూ దానికి కట్టుబడదు. కానీ ఎండలో నిలిపిన కారు డిక్కీలో వారాంతం మొత్తం పడి ఉన్న కేస్‌కి ఏమవుతుందో ఊహించుకోడానికి అది చాలు.

తెరిచేసిన దానికి చేయగలిగింది ఏమీ లేదు. పోయిన వాసన తిరిగి రాదు. మళ్ళీ కొనేటప్పుడు నేను పెట్టుకున్న హద్దులివి: ప్యాక్ చేసి నెల లోపైతే కళ్ళు మూసుకుని తీసుకుంటాను, రెండు నెలలైతే ఫ్రిజ్‌లో పెట్టి అమ్ముతున్నారా అని చూస్తాను, మూడు దాటితే హేజీ ఐపీఏ జోలికి పోను. ఇంటికి తెచ్చాక నేరుగా ఫ్రిజ్‌లోకే, "తాగే రోజు చల్లబెట్టుకుందాంలే" అన్న మాట వద్దు.

ఇదంతా అతి అనిపిస్తే ఒక పరీక్ష చేయండి. ఒకే తేదీ ఉన్న రెండు క్యాన్లు తీసుకుని, ఒకటి ఫ్రిజ్‌లో, ఒకటి వంటింటి పై అరలో మూడు వారాలు ఉంచండి. తర్వాత రెండిటినీ ఒకేలా చల్లబరిచి, ఏది ఏదో చెప్పకుండా ఇంకొకళ్ళని పోయమనండి. నేను చేసినప్పుడు మొదటి గ్లాసు పెదాల దాకా రాకముందే నారింజ తొక్క గిల్లినట్టు గుప్పుమంది. రెండో గ్లాసులో ముక్కు పెట్టి వెతికాను, తేనె రాసిన బ్రెడ్ వాసన తప్ప ఏమీ దొరకలేదు.

"స్ట్రాంగ్ బీరే కదా, ఆగుతుంది" అని దాచారు

నేనూ దాచాను. మంచి డబుల్ ఐపీఏ (హాప్స్, ఆల్కహాల్ ఎక్కువుండే రకం) ఒకటి దొరికితే ఏదైనా సందర్భానికి తీద్దామని అల్మారాలో పెట్టి, ఎనిమిది నెలల తర్వాత తీసి, పది మందిలో గొప్పగా పోశాను. ఎవరూ ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ. ఆల్కహాల్ ఎక్కువున్నంత మాత్రాన హాప్స్ వాసన నిలవదు. రష్యన్ రివర్ బ్రూవరీ వాళ్ళ 'ప్లినీ ది ఎల్డర్' లేబుల్ చదివి ఉంటే ఆ రోజు పరువు దక్కేది. చీజ్‌ని నిల్వ పెట్టుకోండి గానీ ప్లినీని కాదని దాని మీదే రాసి ఉంటుంది.

ఇక్కడ ఎవరో ఒకరు తప్పకుండా చరిత్ర తీస్తారు, ఐపీఏ అంటేనే నెలల తరబడి ఓడలో ప్రయాణం చేసి ఇండియాకి వచ్చిన బీరు కదా, పాడైతే ఎలా వచ్చింది అని. పాడవకపోవడం వేరు, తాజాగా ఉండటం వేరు. హాప్స్ ఆమ్లాలు లాక్టోబాసిల్లస్ లాంటి బ్యాక్టీరియాని అణచి బీరు పులవకుండా కాపాడతాయి, ఆక్సిజన్ నుంచి వాసనని మాత్రం కాపాడలేవు. పైగా ఆ కాలపు బీర్లు పీపాల్లో నెలల పాటు పక్వానికి వచ్చేవి, వాటి రుచిలో వేరే ఈస్ట్‌ల చెయ్యి కూడా ఉండేది. 1904లో కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో క్లాసెన్ అనే శాస్త్రవేత్త బ్రెట్టనోమైసెస్ అనే ఈస్ట్‌ని గుర్తించింది నిల్వ పెట్టిన ఇంగ్లిష్ బీర్లలోనే. ఇప్పటి ఐపీఏకి ఆ పేరు తప్ప ఆ రుచితో పెద్దగా చుట్టరికం లేదు.

దాచుకోవాలనిపిస్తే బార్లీ వైన్, ఇంపీరియల్ స్టౌట్ లాంటి గట్టి బీర్లు దాచుకోండి. ల్యాంబిక్ అనే బెల్జియం పుల్ల బీరు చేసేవాళ్ళైతే కావాలనే ఏళ్ళ నాటి పాత హాప్స్ వాడతారు, వాళ్ళకి కావాల్సింది వాసనా చేదూ కాదు, బ్యాక్టీరియాని అదుపులో పెట్టే గుణం.

రంగు మారింది, బంగారు రంగు బీరు బురదగా తయారైంది

హేజీ ఐపీఏ ముదురు గోధుమ రంగుకో, బూడిద కలిసిన ఊదా ఛాయకో తిరిగిందంటే ఆక్సిజన్ లోపలికి వెళ్ళినట్టే. కోసిపెట్టిన యాపిల్ ముక్క నల్లబడటం లాంటిదే ఇది. షాపు బీరు ఇలా ఉంటే ఫొటో తీసి, తేదీ కోడ్‌తో సహా బ్రూవరీకి పంపండి, మంచి బ్రూవరీలు పట్టించుకుంటాయి.

ఇంట్లో బీరు చేసేవాళ్ళకి ఇది మొదటి గండం. ఫెర్మెంటర్‌లో అద్భుతంగా ఉన్న బీరు బాటిల్స్‌లో పోశాక రెండు మూడు వారాల్లో ఇలా అయిందంటే, తప్పు రెసిపీలో వెతక్కండి, పోసిన పద్ధతిలో వెతకండి. పైనుంచి ధారగా పోయకుండా బాటిల్ అడుగు దాకా గొట్టం దించి నింపండి, పైన ఖాళీ తగ్గించండి, నురగ మూతి దాకా వచ్చాక దాని మీదే మూత బిగించండి. బాటిల్‌లో రెండోసారి పులిసేటప్పుడు ఈస్ట్ కొంత ఆక్సిజన్ తినేస్తుంది, నిజమే, కానీ ఇన్ని హాప్స్ పడిన బీరులో దాని మీదే భరోసా పెట్టుకోలేం. కెగ్ (బీరు నింపే లోహపు పీపా) ఉంటే కార్బన్ డయాక్సైడ్‌తో గాలిని వెళ్ళగొట్టి, మూత తీయకుండా గొట్టం ద్వారా బదిలీ చేయడం అన్నిటికంటే మేలు. పెద్ద బ్రూవరీలు ప్యాక్‌లో మొత్తం ఆక్సిజన్‌ని వంద కోట్లలో కొన్ని పదుల వంతులకి దించాలని తంటాలు పడతాయి, మనం మూత తీసి చూసిన ప్రతిసారీ అంతకు ఎన్నో రెట్లు లోపలికి పోతుంది.

కాలిన రబ్బరు లాంటి కంపు

తేదీ నిన్నటిదైనా ఇది రావచ్చు, ఎందుకంటే కారణం వెలుతురు. బీరులోని రైబోఫ్లేవిన్ వెలుతురుని పట్టుకుని హాప్స్ చేదు పదార్థాల్ని విరగ్గొడుతుంది, ఆ ముక్కలు గంధకంతో కలిసి 3-ఎంబీటీ అనే పదార్థం అవుతాయి. స్కంక్ అనే జంతువు చిమ్మే కంపుకి దగ్గరి చుట్టం అది, లీటరులో నానోగ్రాముల్లో ఉన్నా ముక్కు పట్టేస్తుంది. తెల్ల గాజు బాటిల్ ఎండలో ఉంటే కొద్ది నిమిషాలు చాలు, ఆకుపచ్చది కాస్త నయం, గోధుమ రంగుది చాలావరకు కాపాడుతుంది, క్యాన్‌కి ఈ బాధే లేదు. షాపులో ట్యూబ్‌లైట్ కింద ముందు వరసలో ఉన్న బాటిల్ వదిలేసి వెనక ఉన్నది తీసుకోండి.

అన్నట్టు, చల్లబరిచిన బీరు వేడెక్కి మళ్ళీ చల్లబడితే ఈ కంపు వస్తుందని ఒక నమ్మకం ఉంది. రాదు. వేడెక్కితే పాతబడుతుంది, అంతే.

తేదీ కొత్తదే, వెన్న వాసన, తెరిస్తే పొంగుతోంది

పులియడం అయిపోయాక వాసన కోసం మళ్ళీ హాప్స్ వేస్తే (దీన్నే డ్రై హాపింగ్ అంటారు), హాప్స్‌లో ఉన్న ఎంజైములు మిగిలిన పిండి పదార్థాన్ని చక్కెరగా విరగ్గొడతాయి, నిద్రపోతున్న ఈస్ట్ లేచి మళ్ళీ పని మొదలుపెడుతుంది. గ్యాస్ పెరుగుతుంది, వెన్న వాసన వచ్చే డైఅసిటైల్ తయారవుతుంది. హాప్ క్రీప్ అని ఇప్పుడు కొత్త పేరు పెట్టారు గానీ, ఇంగ్లండ్‌లో బ్రౌన్, మోరిస్ అనే రసాయన శాస్త్రవేత్తలు 1893లోనే దీని గురించి రాశారు. ఇంట్లో చేసేవాళ్ళు బాటిల్స్‌లో నింపే ముందు కొంచెం బీరు మూతపెట్టి 60 డిగ్రీల వేడి నీళ్ళలో ఇరవై నిమిషాలు ఉంచి, చల్లార్చి వాసన చూడండి. వెన్న తగిలితే తొందరపడకండి, ఈస్ట్‌కి ఇంకొన్ని రోజులు ఇవ్వండి. ఇప్పటికే నింపేసిన బాటిల్స్ పొంగుతుంటే అన్నిటినీ ఫ్రిజ్‌లోకి మార్చండి, తెరిచేటప్పుడు మందపాటి టవల్ చుట్టి తెరవండి, పగిలితే ఆ గాజు ముక్కలతో ఆటలు కాదు.

మరీ తాజా, గొంతు గీసుకుపోతోంది

ఇంత చెప్పాక ఇది వింతగా ఉంటుంది గానీ, ప్యాక్ చేసి మూడు రోజులైన హేజీ డబుల్ ఐపీఏ కొన్నిసార్లు పచ్చి ఆకు నమిలినట్టు, మిరియం తగిలినట్టు మండుతుంది. హాప్స్ పొడి, వాటిలోని పాలీఫినాల్స్ అనే ఒగరు పదార్థాలు ఇంకా అడుగుకి దిగలేదు. ఫ్రిజ్‌లో నిలబెట్టి ఒకటి రెండు వారాలు ఆగండి, పోసేటప్పుడు అడుగున మిగిలిన చివరి గుక్క వదిలేయండి.

తేదీ బాగుంది, రుచి మాత్రం పాతది

తేదీ చెప్పేది ఎన్ని రోజులైందన్నదే, ఆ రోజులు ఎక్కడ గడిచాయో చెప్పదు. గోడౌన్‌లో వేడి, లారీలో వేడి, కిటికీ పక్క ర్యాక్. అదే బ్యాచ్ ఇంకో చోట కొని చూడండి. అక్కడ బాగుంటే మొదటి షాపు నిల్వలో లోపం, అక్కడా ఇంతే అంటే ప్యాకింగ్‌లోనే ఆక్సిజన్ చేరినట్టు. షాపు అతన్ని "ఇది వచ్చినప్పటి నుంచి ఫ్రిజ్‌లోనే ఉందా" అని అడగడానికి మొహమాటపడకండి, తడబడితే మీకు జవాబు దొరికినట్టే.

ఇక ఇంట్లో మిగిలిపోయిన ఆ పాత ఐపీఏలతో ఏం చేయాలంటే, తాగడానికి ఇబ్బంది లేదు, ఆరోగ్యానికి తేడా ఏమీ చేయదు. వంటలో పోసి మరిగించాలని మాత్రం చూడకండి, నీళ్ళు ఆవిరై చేదంతా చిక్కబడుతుంది. నేనైతే బాగా చల్లబరిచి తాగేస్తాను, చల్లదనంలో ఆ పాకం వాసన సగం తెలీదు.