బూజు పట్టిన దాణా పశువు కడుపులోకి పోకుండా ఏం చేయాలి

వేరుశనగ చెక్క సంచిలో ఒక మూల పచ్చబూజు కనిపిస్తే, దాన్ని గీకి పారేసి మిగిలినదాన్ని ఎండలో ఆరబెట్టి గేదెకు పెట్టడం మన పల్లెల్లో చాలాచోట్ల ఉన్న అలవాటు. ముందుగా మానుకోవలసింది దీన్నే. బూజు ఎండకు చచ్చినా, అది చెక్కలోకి వదిలిన అఫ్లాటాక్సిన్ అనే విషం అలాగే నిలిచి ఉంటుంది. దాణాను ఉడకబెట్టినా పోదు. రంగూ వాసనా లేని ఆ విషం, బూజు కంటికి కనిపించని చెక్కలోనూ ఉండవచ్చు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయినప్పుడు, వాటికి పెట్టిన బ్రెజిల్ వేరుశనగ చెక్కను పరీక్షించడంతోనే ఈ విషం సంగతి బయటపడింది.

పెద్ద పశువులో లక్షణాలు నెమ్మదిగా కనిపిస్తాయి. మేత, పాలు తగ్గడం, వెంట్రుకలు గరుకుబారడం, అప్పుడప్పుడు పారడం చూసి కడుపులో నట్టలేమో (పురుగులేమో) అనుకుని రోజులు గడిపేస్తారు. లోపల కాలేయం దెబ్బతింటూనే ఉంటుంది. రోగనిరోధక శక్తి తగ్గడం వల్ల వేయించిన టీకా కూడా సరిగా పనిచేయకపోవచ్చు, చూడి పశువు ఈసుకుపోవచ్చు, అంటే గర్భం పోవచ్చు. దూడలు పెద్దవాటికంటే త్వరగా లొంగిపోతాయి, బాతుపిల్లలు ఇంకా త్వరగా. తడిసి బూజు పట్టిన వరిగడ్డితో మరో ప్రమాదం ఉంది: ఫ్యుజేరియం బూజుల విషం వల్ల చలికాలంలో గేదెల తోక చివర, చెవులు, కాళ్ల కింది భాగం కుళ్లిపోతాయి. దీన్నే డెగ్నాలా వ్యాధి అంటారు.

దాణా నిల్వలో అసలు శత్రువు తేమ. మొక్కజొన్నలో తేమ 12 శాతానికి మించకుండా ఆరబెట్టాలి. ఇంట్లోనే ఒక పరీక్ష చేయవచ్చు: పొడి గాజుసీసాలో మూడోవంతు గింజలు, రెండు మూడు చెంచాల పొడి ఉప్పు వేసి కొన్ని నిమిషాలు బాగా కుదపాలి. ఉప్పు సీసా గోడలకు అంటుకుంటే తేమ 15 శాతం దాటినట్టే. అంటుకోకపోయినా మరో రెండు రోజులు ఎండబెట్టడం మేలు. సంచులను నేలమీద కాక చెక్కబల్లల మీద, గోడకు జానెడు దూరంగా పేర్చి, ముందు తెచ్చినవి ముందు వాడాలి. వానాకాలంలో పదిహేను రోజులకు మించి చెక్క కొనిపెట్టుకోకూడదు. గడ్డివామును ఎత్తైన చోట వేసి, పైన నీరు నిలవకుండా వాలు పెట్టాలి.

అనుమానం వస్తే ఆ దాణాను ఆ పూటే ఆపాలి. మంచి దాణాలో కలిపి పలచన చేయడం సరైన మార్గం కాదు, కోళ్లకు వేయడం మరీ ప్రమాదం. విషం సంచిలో అక్కడక్కడా మాత్రమే ఉంటుంది కాబట్టి, ఒక్క పిడికెడు కాకుండా పైన, మధ్యన, అడుగున తీసి కలిపిన నమూనాను పశువైద్యుడి ద్వారా పరీక్షకు పంపాలి. విషాన్ని పట్టి ఉంచే మట్టిపొడులు వైద్యుడు చెబితేనే వాడాలి. అవి కొంత సాయపడతాయే గాని పాడైన దాణాను మంచిది చేయవు. పారేసేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకుని, పశువులు చేరని చోట గోతిలో పూడ్చాలి.

పశువు తిన్న విషంలో కొంత, రూపు మార్చుకుని, ఒక రోజు లోపే పాలలోకి వస్తుంది. పాలు ఎంత కాచినా అది పోదు. కిలో పాలలో ఇది 0.5 మైక్రోగ్రాములు మించరాదని మన దేశంలో నియమం ఉంది. దాణా మార్చిన మూడు నాలుగు రోజులకు బాగా తగ్గుతుంది కాబట్టి, అప్పటివరకు ఆ పాలను ఇంట్లో పిల్లలకు పట్టకూడదు, అమ్మకూడదు.