లారీ హెడ్‌లైట్ల వెలుతురు పెంచుకోవడం ఎలా?

యాసంగి కోతలు మొదలయ్యాక ములుగు, భూపాలపల్లి దారుల్లో రాత్రిపూట లారీ నడిపిన వారికి ఈ దృశ్యం కొత్తేమీ కాదు. రోడ్డు సగం మేర వడ్లు ఆరబోసి, చీకటి పడగానే వాటి మీద నల్ల టార్పాలిన్ కప్పి, అది గాలికి లేవకుండా అంచు వెంట రాళ్లు పేర్చి రైతులు ఇంటికి వెళ్లిపోతారు. నల్లటి తారు మీద నల్లటి టార్పాలిన్ డిమ్ లైటులో ఆలస్యంగానే కంటికి ఆనుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే లారీ ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు కదులుతుంది కాబట్టి, డ్రైవర్ ఆ రాళ్లను గమనించి బ్రేకు తొక్కే లోపే పాతిక మీటర్లు గడిచిపోతాయి, నిండు లోడుతో బండి ఆగడానికి మరో పాతిక ముప్పై మీటర్లైనా పడుతుంది. అంటే డిమ్ లైటు కనీసం 60 మీటర్ల దూరం చూపకపోతే ఆ వేగం మనది కాదు.

వెలుతురు చాలడం లేదనగానే చాలా మంది నేరుగా దుకాణానికి వెళ్లి ఎక్కువ వాట్ల బల్బు గానీ తెల్లటి ఎల్‌ఈడీ గానీ కొనుక్కొస్తారు. నా అనుభవంలో పాత లారీల్లో లోపం బల్బులో ఉండటం తక్కువ. బ్యాటరీ నుంచి బల్బు దాకా వచ్చే దారిలో కొంత, మసకబారిన గ్లాసులో కొంత, తప్పుగా ఉన్న ఫోకస్‌లో కొంత వెలుతురు పోతుంది. అందుకే ముందు అద్దాలు, తరువాత వైర్లు చూసి, ఆ తరువాతే కొత్త బల్బు సంగతి, చివరగా ఫోకస్ చూసుకోవాలి.

ముందు అద్దాలు

పైసా ఖర్చు లేని పని ఇది. క్యాబిన్‌లో దేవుడి పటం ముందు రోజూ వెలిగించే అగరుబత్తుల పొగ ముందు అద్దానికి లోపలి వైపున సన్నని జిడ్డు పొరగా అంటుకుంటుంది. పగలు అది కనిపించదు, ఎదుటి బండి లైటు పడినప్పుడు మాత్రం అద్దమంతా పాలు చల్లినట్టు తెల్లబడుతుంది. సబ్బు నీళ్లతో లోపలి వైపు కడిగి, పాత వార్తాపత్రికతో పొడిగా తుడవాలి. వైపర్ రబ్బరు గీతలు పెడుతుంటే మార్చాలి.

తరువాత హెడ్‌లైటు గ్లాసు చూడాలి. పాత లారీలకు ఉండే అసలైన గాజు కడిగితే చాలు. కొత్త బండ్లకు ఉండేది పాలికార్బొనేట్ అనే ప్లాస్టిక్, అది ఎండకు పసుపు పచ్చగా మారి మసకబారుతుంది. దాన్ని నీళ్లు పోస్తూ 800 నంబరు వాటర్ పేపర్‌తో మొదలుపెట్టి 1500, 2000, 3000 నంబర్ల దాకా వరుసగా రుద్ది, ఆ తరువాత పాలిష్ పెట్టాలి. పాలిష్‌తో ఆపేస్తే కొన్ని నెలల్లోనే మళ్లీ పసుపెక్కుతుంది కనుక, ఎండ తట్టుకునే యూవీ క్లియర్ కోటు కూడా కొట్టించాలి. లోపల కాంతిని ముందుకు తిప్పే రిఫ్లెక్టర్ మీది వెండిలా మెరిసే పూత ఊడిపోయినా, తుప్పు మచ్చలు పడినా రుద్దడం వల్ల ప్రయోజనం ఉండదు, ఆ హెడ్‌లైటును పూర్తిగా మార్చవలసిందే. పొరపాటున కూడా రిఫ్లెక్టర్‌ను బట్టతో తుడవకూడదు, పూత బట్టకే వచ్చేస్తుంది.

వోల్టేజీ కొలవడం

అసలు సంగతి ఇక్కడుంది. పెద్ద లారీల్లో రెండు 12 వోల్టుల బ్యాటరీలను వరుసగా కలిపి 24 వోల్టులు చేస్తారు, ఇంజన్ నడుస్తున్నప్పుడు బ్యాటరీని చార్జి చేసే ఆల్టర్నేటర్ దాన్ని 28 వోల్టుల దగ్గర నిలుపుతుంది. హాలోజెన్ బల్బు వోల్టేజీ విషయంలో చాలా సున్నితమైనది. దానికి అందే వోల్టేజీ పది శాతం తగ్గితే వెలుతురు పది శాతం కాదు, దాదాపు ముప్పై శాతం తగ్గిపోతుంది.

పరీక్ష సులువు. ఇంజన్ ఆన్ చేసి, డిమ్ లైటు వేసి, వోల్టేజీ చూపే మల్టీమీటర్‌తో ముందుగా వరుసగా కలిపిన రెండు బ్యాటరీల చివరి కొసల మధ్య కొలవాలి. ఆ తరువాత బల్బు వెలుగుతుండగానే హోల్డర్ వెనుక నుంచి డిమ్ పిన్నుకూ ఎర్త్ పిన్నుకూ మధ్య కొలవాలి. బల్బు తీసేసి కొలిస్తే కరెంటు ప్రవహించదు కాబట్టి రీడింగు బాగానే చూపించి మోసం చేస్తుంది. పత్తి బేళ్లు మోసే మా బావ పది టైర్ల లారీకి ఇలా చూసినప్పుడు బ్యాటరీ దగ్గర 27.8, ఎడమ హోల్డర్ దగ్గర 24.9 వచ్చింది. ఆయన అప్పటికి రెండుసార్లు బల్బులు మార్చారు. హోల్డర్ ఊడదీసి చూస్తే ఒక పిన్ను చుట్టూ ప్లాస్టిక్ బెల్లం పాకంలా గోధుమ రంగుకు తిరిగి గట్టిపడి ఉంది, ఎర్త్ వైరు ఛాసిస్‌కు (లారీ ఇనుప చట్రానికి) బిగించిన చోట బోల్టు కింద పెయింటూ తుప్పూ పేరుకుని ఉన్నాయి.

తేడా ఒక వోల్టు లోపల ఉంటే సరే అనుకోవచ్చు. అంతకు మించితే ముందుగా ఎర్త్ చూడాలి. బోల్టు విప్పి, లోహం మెరిసే దాకా గీకి, కొత్త రింగు కొస వేసి బిగించి, పైన కొద్దిగా గ్రీజు పూయాలి. కాలిన హోల్డర్ స్థానంలో వేడి తట్టుకునే పింగాణీ హోల్డర్ వేయించాలి.

రిలే వేయించడం

పాత లారీల్లో హెడ్‌లైట్ల కరెంటు మొత్తం డ్యాష్‌బోర్డు మీది స్విచ్చు గుండా సన్నని వైర్లలో తిరిగి వస్తుంది. ఒక్కొక్కటి 75 వాట్ల బల్బులు రెండు వెలిగితే 24 వోల్టుల దగ్గర ఆరు ఆంపియర్లకు పైగా ప్రవహిస్తుంది, ఆ దారి పొడవునా వోల్టేజీ కారిపోతుంది. రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చు. అది వేస్తే డ్యాష్‌బోర్డు స్విచ్చు కేవలం రిలేను లేపుతుంది, బల్బుకు కావలసిన కరెంటు మందపాటి వైరులో బ్యాటరీ నుంచి నేరుగా వస్తుంది.

దీనికి 24 వోల్టుల రిలేలు రెండు కావాలి, ఒకటి డిమ్‌కు, ఇంకొకటి హై బీమ్‌కు. బ్యాటరీ నెగెటివ్ కొస విప్పిన తరువాతే పని మొదలుపెట్టాలి. రిలే మీద ఉండే అంకెలు తెలిస్తే కనెక్షన్ తప్పు పోదు: పాత హోల్డర్‌కు వచ్చే డిమ్ వైరు 86కు, ఎర్త్ 85కు, బ్యాటరీ పాజిటివ్ నుంచి వచ్చే మందపాటి వైరు 30కి, బల్బులకు వెళ్లే వైరు 87కు కలపాలి. హై బీమ్ రిలేకూ ఇదే వరుస. బల్బుల వైపు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వాడాలి. బ్యాటరీ దగ్గర, పాజిటివ్ కొసకు జానెడు దూరంలోపే, ఒక్కో రిలేకు ఒకటి చొప్పున 15 ఆంపియర్ల ఫ్యూజు తప్పనిసరిగా పెట్టాలి. ఫ్యూజు లేని వైరు ఛాసిస్‌కు ఒరిసిపోతే పత్తి లోడు మొత్తం బూడిదవుతుంది. వైరును పైపులో దూర్చి, సైలెన్సర్‌కు దూరంగా తీసుకెళ్లి కట్టాలి. బావ లారీకి ఆటోనగర్‌లో ఒక పూట పనితో ఇది పూర్తయింది, అదే ఎడమ హోల్డర్ దగ్గర 27.4 వచ్చింది. బల్బులు పాతవే.

కొత్త కాలుష్య ప్రమాణాలతో వచ్చే బీఎస్ 6 లారీలకు ఈ పని చేయకూడదు. వాటిలో లైట్లను కంప్యూటర్ నియంత్రిస్తుంది, వైరు కోస్తే లోపం చూపించడమే కాక వారంటీ కూడా పోవచ్చు. ఇంకొక్క మాట: పాటల సెట్టుకో ఫ్యాన్సీ లైట్లకో రెండు బ్యాటరీల మధ్య నుంచి 12 వోల్టులు లాగే అలవాటు చాలా చోట్ల ఉంది. దాని వల్ల ఒక బ్యాటరీ ముందే అరిగి రెండూ పాడవుతాయి.

ఇప్పుడు బల్బు

పెద్ద లారీలకు సాధారణంగా వచ్చేది 24 వోల్టుల, 75/70 వాట్ల హెచ్4 బల్బు. బొలెరో పికప్, టాటా ఏస్ వంటి చిన్న బండ్లకు 12 వోల్టుల 60/55 వాట్ల బల్బు పడుతుంది. వాట్లు పెంచకుండా అదే రకంలో మంచి కంపెనీ బల్బులు జతగా మార్చాలి, ఒకటే మారిస్తే రెండు వైపులా వెలుతురు సమానంగా ఉండదు. వేలితో గాజును తాకకూడదు. చేతి జిడ్డు అంటిన చోట గాజు అతిగా వేడెక్కి బల్బు త్వరగా పోతుంది. 100/90 వాట్ల బల్బులు హోల్డర్‌నూ రిఫ్లెక్టర్‌నూ కాలుస్తాయి కాబట్టి నేను వాటిని ఎవరికీ సిఫారసు చేయను.

హాలోజెన్ హెడ్‌లైటులో ఎల్‌ఈడీ బల్బు దూర్చడం మీదే అసలు తగువంతా. హెచ్4 బల్బులో రెండు ఫిలమెంట్లు, డిమ్ ఫిలమెంటు కింద ఒక చిన్న లోహపు గిన్నె ఉంటాయి, రిఫ్లెక్టర్‌ను ఆ ఫిలమెంటు కొలతకే మలుస్తారు. ఎల్‌ఈడీ ముక్క సరిగ్గా అదే చోట, అదే ఆకారంలో కూర్చోనప్పుడు కాంతి పైకీ పక్కలకూ చెదిరిపోతుంది. బండి ముందు పది మీటర్లు పట్టపగలులా మెరవడంతో కంటిపాప ముడుచుకుని, దూరం మరింత చీకటిగా తోస్తుంది. ఎల్‌ఈడీయే కావాలనుకుంటే, ఆ లారీ తయారీదారు అదే మోడల్‌కు ఇచ్చే పూర్తి ఎల్‌ఈడీ హెడ్‌లైటును, ఎడమ వైపు నడిచే దేశాలకు చేసినదాన్ని తీసుకోవాలి.

చట్టం కూడా చూసుకోవాలి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 106వ నిబంధన ప్రకారం, 8 మీటర్ల దూరంలో 1.5 మీటర్ల ఎత్తున ఉన్న కంటిని మిరుమిట్లు గొలిపేలా లైటు ఉండకూడదు. అనుమతి లేని మార్పులకు మోటారు వాహనాల చట్టంలోని 182ఎ సెక్షను కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. క్యాబిన్ పైన ఎల్‌ఈడీ బార్లు పెట్టుకున్న వారు ఇది చదువుకోవాలి.

తాడ్వాయి, ఏటూరునాగారం అడవి దారిలో చలికాలం పొగమంచుకు హై బీమ్ పనికిరాదు, కాంతి మంచుకు తగిలి కంటికే తిరిగి కొడుతుంది. బంపరు కింద, హెడ్‌లైట్ల కంటే దిగువన, వెడల్పుగా పరుచుకునే ఫాగ్ ల్యాంపులు వేరే రిలేతో పెట్టించుకోవచ్చు.

ఫోకస్ పట్టడం

ఇంత చేసినా ఫోకస్ తప్పితే అంతా వృథాయే. చదునైన నేల, ఎదురుగా గోడ కావాలి, రైస్ మిల్లు గోడౌన్ ఆవరణ దీనికి బాగా పనికొస్తుంది. ఎప్పుడూ మోసేంత లోడు వేసి, టైర్లలో గాలి సరిచూసి, గోడకు 10 మీటర్ల దూరంలో బండిని సూటిగా నిలపాలి. ఖాళీ బండితో ఫోకస్ పట్టడమే అందరూ చేసే తప్పు. ముందు వెనుక ఇరుసుల మధ్య 5 మీటర్లున్న లారీలో లోడుకు వెనుక భాగం ముందు కంటే 5 సెంటీమీటర్లు ఎక్కువగా కుంగితే, మూతి అంతమేర పైకి లేచి, 60 మీటర్ల దూరంలో కాంతి 60 సెంటీమీటర్లు పైకి పోతుంది. క్యాబిన్‌లో లైటు ఎత్తు మార్చే చక్రం ఉన్న బండ్లకు దాన్ని సున్నాలో ఉంచి ఖాళీగా సరిచేసుకోవచ్చు, లోడు ఎక్కినప్పుడు ఆ చక్రాన్నే తిప్పుకోవచ్చు.

గ్లాసు మధ్యభాగం ఎత్తును నేల నుంచి కొలిచి, గోడ మీద సుద్దతో అదే ఎత్తున ఒక అడ్డగీత, దానికి 10 నుంచి 15 సెంటీమీటర్ల కింద రెండో గీత గీయాలి. ఒక్కో లైటుకు ఎదురుగా నిలువు గీత కూడా పెట్టాలి. ఒక లైటు హోల్డర్ ఊడదీసి రెండోదాన్ని డిమ్‌లో వెలిగిస్తే, వెలుతురు పై అంచు కుడివైపు అడ్డంగా సాగి, ఎడమవైపు ఏటవాలుగా పైకి లేస్తుంది. ఆ వంపు మొదలయ్యే చోటు నిలువు గీత మీద, అడ్డంగా ఉన్న భాగం కింది గీత మీద పడేలా హెడ్‌లైటు వెనుక ఉండే రెండు స్క్రూలను కొద్ది కొద్దిగా తిప్పాలి. రెండో లైటుకూ ఇలాగే చేయాలి. హై బీమ్‌కు వేరే అమరిక అక్కర్లేదు, డిమ్ కుదిరితే అదీ కుదురుతుంది.

మరుసటి రాత్రి లోడుతో రోడ్డెక్కినప్పుడు ఎదుటి డ్రైవర్లను గమనించాలి. మీరు డిమ్‌లోనే ఉన్నా వారు పదే పదే హెడ్‌లైట్లు మినుకుమనిపిస్తూ డిప్పర్ కొడుతుంటే మీ కాంతి ఇంకా పైకే పోతోందని అర్థం. అప్పుడు ఖాళీ స్థలంలో బండి ఆపి, ఎత్తు స్క్రూను అర చుట్టు దించి మళ్లీ బయలుదేరాలి.